పెద్దమ్మ పేరున్న కాగితం

పెద్దమ్మ పోయిందని కోరుట్ల నుంచి ఫోను వచ్చినప్పుడు నేను జగిత్యాలలో మా ఆఫీసులో ఒక ముసలాయన దరఖాస్తు చూస్తున్నాను. ధ్రువపత్రం జతచేయలేదని ఎర్ర సిరాతో రాసి, దాన్ని ఆయన చేతికి తిరిగిచ్చి, అప్పుడు ఫోనెత్తాను. పెద్దమ్మ పక్కింటామె చేసింది. "మీ పెద్దమ్మ పొద్దుగాల్ల పోయింది. అస్తే రా. రాకున్నా మేం కానిస్తం" అంది. అంతే, పెట్టేసింది. సెలవు చీటీలో కారణం దగ్గర "దగ్గరి బంధువు మరణం" అని రాశాను. మళ్ళీ ఆలోచించి "దగ్గరి" అన్న మాట కొట్టేశాను. నేను ఇట్లాంటి మనిషిని. ముందే చెప్పడం మంచిది, చివరిదాకా చదివి మోసపోయామని మీరు అనుకోకూడదు.

ఆమె మా అమ్మకు అక్క. మా అమ్మానాన్నలు తంగళ్ళపల్లిలో ఉండి రోజూ సిరిసిల్ల సాంచాల మీద పనికి పోయేవారు. మరమగ్గాలను మా వైపు సాంచాలంటారు. ఆ చప్పుడుకు మా నాయనకు చెవులు మందగించి, ఇంట్లో ఉప్పు అడిగినా అరిచే అడిగేవాడు. ఆ ఇంట్లో పిల్లవాడికి చదువు రాదని నన్ను ఆరో తరగతిలో కోరుట్లకు, పెద్దమ్మ దగ్గరికి పంపారు. ఆమెకు పిల్లలు లేరు. పెనిమిటి మస్కట్ పోయాడు. మొదట్లో ఫోన్లు చేసేవాడు, తర్వాత మానేశాడు. అతనికి అక్కడ ఇంకో సంసారం ఉందని ఎవరో వచ్చి చెప్పినప్పుడు ఆమె చుట్టే బీడీ ఆపలేదు. "ఉండనీ. మనిషన్నంక ఏడనో ఒక దగ్గర ఉండాలె గద" అంది.

పొద్దంతా చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, బీడీ మూతి బొటనవేలి గోరుతో లోపలికి మడిచేది. ఆ గోరు పసుప్పచ్చగా, గట్టిగా, గవ్వలాగా అయిపోయింది. కట్టకు ఇరవై అయిదు బీడీలుండాలి. ఆమె లెక్కపెట్టగా నేనెప్పుడూ చూడలేదు. కట్టను అరచేతిలో పట్టుకుని ఒక్కసారి బిగించేది. ఒక్కటి తక్కువైనా తెలిసిపోయేది. నేను పరీక్ష పెట్టేవాణ్ణి. ఆమె నీళ్ళకు లేచినప్పుడు కట్టలోంచి ఒకటి లాగి దాచేవాణ్ణి. వచ్చి కూర్చుని, కట్ట పట్టుకుని, నా వైపు చూడకుండానే "తియ్యి, అంగీ జేబుల పెట్టినదాన్ని తియ్యి" అనేది. ఎన్నిసార్లు దాచినా అన్నిసార్లూ దొరికాను.

మాట్లాడబోయే ముందు ఆమె కుడిచెయ్యి నోటి దాకా వచ్చేది. వచ్చి, అక్కడ ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, ముక్కు రుద్దుకుని దిగిపోయేది. ముక్కు దురదేమో అనుకున్నాను చాలాకాలం. డాక్టరుకు చూపించుకొమ్మని కూడా అన్నాను. ఆమె నవ్వి అసలు సంగతి చెప్పింది. చిన్నప్పుడు పనిచేసిన ఇళ్ళలో గడప ఇవతల నిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకునే మాట్లాడాలి. మన ఊపిరి వాళ్ళకు తగలకూడదు. "బాప్తిస్మం తీసుకున్న దినం నుంచి కొంగు పెట్టద్దనుకున్న. నోరు ఇన్నది గని చెయ్యి ఇంకా ఇంటలేదు కొడుకా" అంది.

పేరు సంగతీ అంతే. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాత పుట్టినదాన్ని పెంటకుప్ప మీద పెట్టి, పనికిరానిదిలే అని దేవుణ్ణి నమ్మించి, ఎత్తుకొచ్చి ఆ కుప్ప పేరే పెట్టేవారు. బతకాలని ప్రేమతో పెట్టే పేరే అది. కానీ ఇతరుల నోట్లో పడితే అది ప్రేమగా ఉండేది కాదు. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ పేరుకు పలికింది. పాస్టరమ్మ వాడలోకి వచ్చి బైబిలు కథలు చెప్పినప్పుడు ఆకు కత్తిరిస్తూ విన్నది. అందులో ఒక స్త్రీ కథ దగ్గర కత్తెర ఆపి, "ఆమె పేరేమన్నవమ్మా, మల్లొక్కసారి చెప్పు" అని అడిగింది. బాప్తిస్మానికి ఆ పేరే కావాలంది.

నేను పదో తరగతి పరీక్షలు రాసిన వేసవి అది. పాస్టరు గారిది వెల్గటూర్ వైపు, అక్కడ గోదావరిలో ఎక్కడ లోతుందో ఆయనకు తెలుసు. ట్రాలీ ఆటో మాట్లాడుకుని పాస్టరు గారు, పాస్టరమ్మ, మేమిద్దరం, నలుగురమే పోయాం. మూడు రోజుల ముందు నుంచి పెద్దమ్మ "నీళ్ళల్ల ఊపిరాడక సస్తె ఎట్ల?" అని అడుగుతూనే ఉంది. బావిలో దిగి ఎరగదు, నది చూసి ఎరగదు. ఇసుకలో నడిచి ఒడ్డుకు చేరాక నా చెయ్యి పట్టుకుని "నువ్వు గూడ దిగుతవా?" అంది. నేను రెండేళ్ళుగా ఆదివారాలు పోతూనే ఉన్నాను, పాటలన్నీ వచ్చు. దిగుతానన్నాను. పాస్టరు గారు నన్ను పక్కకు పిలిచి, "మీ పెద్దమ్మకు భయమైతుందని మునుగుడు కాదిది. నీకు నువ్వుగ ఒప్పుకుంటున్నవా?" అని అడిగాడు. ఒప్పుకుంటున్నానన్నాను. ఆ మాట అబద్ధం కాదు. నా జీవితంలో ఒక మనిషి కళ్ళలోకి చూసి చెప్పిన నిజాల్లో అదొకటి. తర్వాత చెప్పిన అబద్ధాలన్నీ దాన్ని కప్పెట్టడానికే చెప్పాను.

ఆ రోజు మునిగింది మేమిద్దరమే. ముందు ఆమె. పాస్టరు గారు పేరు పెట్టి పిలిచి, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామంలో ముంచి లేపాడు. దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ లేచి, ఆయన చెయ్యి వదలకుండా "మల్లొక్కపారి" అంది. "ఒక్కసారే ముంచుడమ్మా" అన్నాడాయన. "ముంచుడు గాదయ్యా, పిలుసుడు. చెవులల్ల నీళ్ళున్నయి, మంచిగ ఇనరాలే." ఆయన నవ్వి మళ్ళీ పిలిచాడు. ఆమె నిండుగా పలికింది. ఆ తర్వాత నేను మునిగాను. లేచాక ఒళ్ళంతా తేలికైంది. అది కూడా అబద్ధమని ఇవాళ అనలేను. ట్రాలీలో వస్తున్నంతసేపూ ఆమె తడి జుట్టు ఆరబెట్టుకుంటూ తన పేరు తనే లోపల అనుకుంటూ ఉంది. కొత్త చెప్పులు తొడుక్కున్న పిల్ల మాటిమాటికీ కిందికి చూసుకున్నట్టు.

ఆ వారమే బీడీల కార్ఖానాలో గొడవ అయింది. కట్టలు అప్పజెప్పే రోజు ఆడవాళ్ళంతా వరండాలో కూర్చుంటే, గుమాస్తా కార్డు చూసి పేరు పిలుస్తాడు. బుట్ట మోయడానికి నేనూ పోయాను. పాత పేరు పిలిచాడు. పెద్దమ్మ లేవలేదు. మళ్ళీ పిలిచాడు. పక్కనామె మోచేత్తో పొడిచి "నిన్నేనే" అంది. "గా పేరుగల్లామె ఇప్పుడు లేదు" అంది పెద్దమ్మ. చెయ్యి నోటిదాకా వచ్చి ముక్కు రుద్దుకుని దిగిపోయింది.

"కార్డుల ఉన్నది గద" అన్నాడు గుమాస్తా.

"కార్డుల మీరు రాసుకున్నరు సారు. నాకు పెట్టిన పేరు వేరె."

"నీళ్ళల్ల మునిగినంక పెద్దదానివైనవా?"

"పెద్దదాన్ని గాలే సారు. పేరుతోని పిలిస్తె పలుకుత, అంతే."

అందరివీ అయ్యేదాకా కూర్చోబెట్టాడు. ఎండ వరండా దాటి గోడెక్కింది. చివరికి ఆ కొత్త పేరును సాగదీసి, రాగం తీసి, అందరూ నవ్వేటట్టు పిలిచాడు. ఆమె ఏమీ జరగనట్టు లేచి బుట్ట తీసుకుపోయింది. నాకు తలకొట్టేసినట్టయింది. దారిలో "ఎక్కిరిచ్చిండు పెద్దమ్మా, నువ్వెట్ల లేచినవ్?" అన్నాను. "ఎక్కిరిచ్చినా పిలిచింది నా పేరే గద. రాగం ఎన్ని దినాలు తీస్తడు, నోరు నొస్తది" అంది. నిజంగానే దసరా నాటికి రాగం పోయింది, పేరు మిగిలింది. ఎవరైనా ఇంకా బెదిరించబోతే "మునిగినోళ్ళకు చలేందే" అని నవ్వేది. మంచినీళ్ళ కాడ, రేషను దుకాణంలో, పోలీసు స్టేషనులో ఒకసారి, అదే మాట. కుర్చీ కనబడితే కూర్చునేది. ఎవరూ కూర్చోమనకపోయినా కూర్చునేది. ఆమె పక్కన నిలబడి నేను కూడా కొంచెం పొడుగ్గా పెరిగాను.

కానీ కాగితాలు మారలేదు. బీడీ కార్డు, రేషను కార్డు, తర్వాత వచ్చిన ఆధారు, అన్నింట్లో పాత పేరే. కొత్త పేరు ఈ లోకంలో ఒక్క చోటే రాసి ఉంది. మందిరంలో బాప్తిస్మాల రిజిస్టరులో. ఆమెకు చదువు రాదు. ఏటా క్రిస్మస్ నాడు ఆరాధన, భోజనాలు అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, నన్ను బీరువా దగ్గరికి తీసుకుపోయేది. "నా పేరు ఏడున్నది సూపియ్." నేను ఆమె చూపుడువేలు పట్టుకుని ఆ వరస మీద పెట్టేవాణ్ణి. పేరు మొదటినుంచి చివరిదాకా వేలితో మెల్లగా నిమిరేది, ఆకు మీద ముడత తీసినట్టు. తర్వాత వేలు ఒక వరస కిందికి జరిపి "ఇది నీది" అనేది. మందిరం ఊడ్చే పని ఆమెదే, తాళంచెవి కొంగున ఉండేది. అయినా ఒక్కతే ఎప్పుడూ ఆ పుస్తకం తెరవలేదు. నేను వచ్చేదాకా ఆగేది.

తెలియనివాళ్ళ కోసం ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా కులం వాళ్ళం బాప్తిస్మం తీసుకున్నట్టు తేలితే మా కులం సర్టిఫికెట్ చెల్లదు. అందుకే మా వాడలో చాలామందికి కాగితం మీద ఒక బతుకు, ఆదివారం ఇంకో బతుకు. ఆ న్యాయాన్యాయాలు వాదించడానికి నాకు నోరు లేదు. నేను ఆ సర్టిఫికెట్ మీదే ఉద్యోగం తెచ్చుకున్నాను. ఉద్యోగం వచ్చిననాడు పెద్దమ్మ వాడంతా చక్కెర పంచింది. ఉద్యోగంలో చేరాక నేను మందిరానికి పోవడం తగ్గించాను, తర్వాత మానేశాను. క్రిస్మస్ నాడు మాత్రం భోజనాల వేళకు పోయి, ఆమె వేలు పట్టుకుని పేరు చూపించి వచ్చేవాణ్ణి.

మూడో ఏడు నా మీద ఆకాశరామన్న ఉత్తరం ఒకటి పైకి పోయింది. ఫలానా వాడు క్రైస్తవుడు, కోరుట్లలో చర్చి పుస్తకాలు చూడండి అని. విచారణ వస్తుందని ఆఫీసులో ఒకాయన నా చెవిన వేశాడు. మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు శనివారం, మధ్యాహ్నం బస్సుకు కోరుట్ల పోయాను.

పెద్దమ్మ వాకిట్లో బీడీలు చుడుతోంది. పక్కింటామె తన అరుగు మీద ఆకు కత్తిరిస్తోంది. ఈ పక్కింటామె ఇబ్రహీంపట్నం నుంచి వచ్చి అక్కడ ఇల్లు కట్టుకుంది, పెద్దమ్మకు జిగిరీ దోస్తు. పోచమ్మకు బోనం చేసే మనిషి, మందిరం గడప తొక్కదు. నేను పెద్దమ్మతో, "తాళం ఇయ్యి. కొంచెంసేపు ప్రార్థన చేసుకుంట" అన్నాను.

ఆమె ముఖం ఎట్లా వెలిగిందో చెప్పడం నాకు చాతకాదు. చెప్పే హక్కు కూడా లేదు. ఒళ్ళోని చాట పక్కన పెట్టి, కొంగుముడి విప్పడానికి వేళ్ళు తొందరపడి, విప్పలేక నవ్వింది. "పో కొడుకా, పో. నేను రాను. నువ్వొక్కనివే ఉండు ఆయన దగ్గర" అంది. మందిరం మెట్ల మీద తిరిగే కోళ్ళను కూడా అదిలించి పంపేసింది, నా ప్రార్థనకు చప్పుడు కాకుండా.

లోపల బీరువా తీసి పుస్తకం బల్ల మీద పెట్టాను. జేబులో బ్లేడు తెచ్చుకున్నాను, నా వరస ఒక్కటే కోసుకుపోదామని. కానీ కాగితంలో కిటికీ చేస్తే ఎవరికైనా తెలుస్తుంది. మొత్తం పోతే కనబడదనుకున్నాను. నా పేరు పైన ఆమె పేరు. చూడకుండా చేశానని అనలేను. నిమిషం పైనే చూశాను. తర్వాత కాగితం మొదలంటా చింపి, మడిచి, బనీనులో పెట్టుకున్నాను. అక్షరం రానివాళ్ళకు కాగితం పోయినట్టు తెలియదనుకున్నాను. చదువుకున్నవాళ్ళం చాలామంది అలాగే అనుకుంటాం.

బయటికి వస్తే ఆమె మెట్ల దగ్గర నిలబడి ఉంది. "మంచిగ చేసుకున్నవా?" అంది. చేసుకున్నానన్నాను. తల మీద చెయ్యి పెట్టింది. కోరుట్ల దాటాక బస్సు కిటికీలోంచి ఆ కాగితాన్ని ముక్కలు ముక్కలుగా గాలికి వదిలేశాను.

విచారణకు ఎవరూ రాలేదు. ఆ ఉత్తరం ఏ బల్ల మీద ఆగిందో, ఎవరు పక్కన పడేశారో తెలియదు. ఎవరూ కోరుట్ల పోలేదు, ఏ పుస్తకమూ అడగలేదు. ఊరికే చింపాను.

ఆ క్రిస్మస్‌కు అత్తగారింటికి పోతున్నామని చెప్పి తప్పించుకున్నాను. ఆ తర్వాతి ఏడు తప్పలేదు. నేను పోయేసరికి లోపల బల్ల ఆరాధన జరుగుతోంది, రొట్టె, ద్రాక్షరసం పంచుతున్నారు. పెద్దమ్మ బయట మెట్ల మీద, చెప్పుల కుప్ప పక్కన కూర్చుని ఉంది. "బయట కూసున్నవేంది?" అన్నాను. "గాలి మంచిగస్తుంది" అంది. డిసెంబరు నెల, అందరూ స్వెటర్లు వేసుకుని ఉన్నారు. నేను నమ్మాను. నమ్మితే నాకు పనికొస్తుంది కాబట్టి నమ్మాను. కొంగున తాళంచెవి లేదు. అడిగితే, మోకాళ్ళు నొస్తున్నాయని ఊడ్చే పని ఇచ్చేశానంది. అదీ నమ్మాను.

భోజనాలయ్యాక చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చింది. "శానా దినాలైంది. నా పేరు సూపియ్ కొడుకా" అంది. పాస్టరమ్మ పుస్తకం తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. నేను కాగితాలు తిప్పాను. ఆ ఏడు దగ్గర ఒక కాగితం మీద ఎవరో ఒకామె పేరు ఉంది, పొడుగు కూడా ఇంచుమించు అంతే. పెద్దమ్మ వేలు పట్టుకుని దాని మీద పెట్టాను.

"గీడనా?"

"ఆ, ఈడనే."

వేలు కదపలేదు. అక్కడే పెట్టి ఉంచింది. "కింద నీదేనా?"

"నాదే."

"మంచిగ సూసినవా కొడుకా?"

"చూసిన పెద్దమ్మా."

ఆమె పుస్తకం వైపు చూడలేదు, నా ముఖం వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత "సరే" అని పుస్తకం మూసింది. "బస్సుకు టైమైతుంది, పో" అంది. మళ్ళీ ఏ క్రిస్మస్‌కూ పేరు చూపించమని అడగలేదు. నేను కూడా, హమ్మయ్య, మరిచిపోయిందిలే అనుకున్నాను. కట్టలో ఒక్క బీడీ తగ్గితే చేత్తో చెప్పే మనిషి మరిచిపోయిందని.

ఆమె పోయిన రోజు నేను కోరుట్ల చేరేసరికి తెల్లచీర కట్టి పడుకోబెట్టారు. మగవాళ్ళు గుంత తవ్వడానికి పోయారు. పక్కింటామె వచ్చి నా పక్కన కూర్చుంది. ఊరికే ముఖాలు చూసుకోలేక నేను ఏదో అనాలని, "చివరికి మోకాళ్ళు బాగ నొచ్చినయేమో" అన్నాను.

"మోకాళ్ళు మంచిగనే ఉండె" అందామె. "మీ పెద్దమ్మ ఏడాది పొడుగు మెట్ల మీద ఎందుకు కూసున్నదో ఎరికేనా నీకు?"

నేను కింద పరిచిన చాప అంచు సరిచేశాను.

"పుస్తకంల మీ పెద్దమ్మ పేరున్న కాగితం పోయిందని పాత అయ్యగారు నిలదీసిండు. తాళం నా దగ్గరుండె, జిమ్మేదారి నాది అన్నది. ఎవరికిచ్చినవంటే నోరిప్పలే. తాళం గుంజుకున్నరు. ఏడాది బల్లకు రావద్దన్నరు. ఎండల, చలిల, గా మెట్ల మీదనే కూసున్నది."

"ఎప్పుడు?"

"నువ్వచ్చి ప్రార్థన చేసుకున్నవు సూడు, గా ఏడు క్రిస్మస్ అయినంక. మల్ల క్రిస్మస్‌కు నువ్వచ్చిననాడు గూడ బయటనే ఉండె."

అప్పుడు లెక్క తెలిసింది. నేను ఆమె వేలు పట్టుకుని ఎవరి పేరు మీదో పెట్టిననాటికి, ఆ కాగితం లేదని ఆమెకు ఏడాదిగా తెలుసు. తెలిసే చేతులు కడుక్కుని వచ్చింది. తెలిసే అడిగింది, మంచిగ సూసినవా అని. నేను చెబుతానేమో అని అడిగింది. గడప ఇవతల నిలబడి పెరిగిన మనిషి, నీళ్ళలో మునిగి లోపలికి వచ్చి కూర్చుంది. ఆమెను మళ్ళీ తీసుకొచ్చి బయట కూర్చోబెట్టింది ఏ దొరా కాదు, ఏ గుమాస్తా కాదు. నేను. అక్కడ పక్కన ఆమె పడుకుని ఉంది, కాళ్ళ మీద పడదామన్నా వాడవాళ్ళు చూస్తారని పడలేదు.

"నువ్వచ్చిన దినం నేను అరుగు మీదనే ఉన్న" అంది పక్కింటామె. "పోయి చెప్త అంటే నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నది. వాడే చెప్తడు, చెప్పెదాక ఆగు అన్నది. ఎన్నేండ్లాయె. ఆగి ఆగి పోయింది."

సమాధుల దగ్గర ప్రార్థన అయ్యింది. ఇప్పటి పాస్టరు గారు చిన్న వయసువాడు, ఈ మధ్యనే వచ్చాడు. బాప్తిస్మాల కొత్త రిజిస్టరు తెరిచి, "ఈమెది బాప్తిస్మం వివరం పాత రిజిస్టర్ల దొరుకుతలేదు. పేరు అందరికి ఎరికే. ఎప్పుడైంది, ఏడ అయింది, చూసినోళ్ళు ఒక్కరన్న సంతకం పెడితే ఈ పుస్తకంల ఎక్కిస్త. ఎవరన్న ఉన్నరా?" అని అడిగాడు.

ఆమెను ముంచినాయన చనిపోయి చాలా ఏళ్ళయింది, పాస్టరమ్మ కూడా లేదు. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. నా జేబులో పెన్ను ఉంది. ఒక్క సంతకం. ఆమె పేరు తిరిగి పుస్తకంలోకి వస్తుంది. కానీ మీరెట్లా చూశారు సార్, మీరూ అదే రోజు మునిగారా అని ఆయన అడుగుతాడు. అక్కడ నలభై మంది ఉన్నారు. నేను మట్టికుప్ప వైపు చూస్తూ నిలబడ్డాను.

పక్కింటామె నా వైపు చూసింది. నేను నోరు విప్పుతానేమో అని కాసేపు ఆగింది. తర్వాత కొంగు బిగించి ముందుకు పోయింది. "రాసుకో అయ్యా. నేను సూసిన" అంది.

పాస్టరు గారు తటపటాయించాడు. "మీరు మన సంఘం కాదు గదమ్మా. విశ్వాసి గూడ కాదు."

"సాక్షం చెప్పెటందుకు విశ్వాసమెందుకయ్యా, కండ్లుంటె సాలదా? వెల్గటూర్ కాడ, గోదాట్ల. ఎండకాలం. లేచినంక మల్లొక్కపారి పిలువుమన్నది అయ్యగారిని. ఆయన పిలిచిండు."

పక్కింటామె కోరుట్లకు వచ్చింది ఆ వేసవి తర్వాత రెండేళ్ళకు. గోదావరి ఒడ్డున ఆమె లేదు. అదంతా పెద్దమ్మ నోట విన్నదే.

"ఆ దినం ఇంకెవరన్న మునిగిన్రా?" అని అడిగాడాయన, రాసుకుంటూ.

ఆమె నా ముఖంలోకి చూసి, "యాదికి లేదు" అంది. వేలిముద్ర వేసి, సిరా కొంగుకు తుడుచుకుని, నన్ను దాటుకుని వెళ్ళిపోయింది. నేను మూడు పిడికిళ్ళ మట్టి వేసి జగిత్యాల బస్సెక్కాను.

ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు, కనీసం ఇక్కడైనా ఆమె పేరు రాద్దామనుకున్నాను. ఆమె అంత ఇష్టపడి అడిగి పెట్టించుకున్న పేరు. ఆ మాట దగ్గరికి వచ్చిన ప్రతిసారీ పెన్ను ఆగిపోయింది. బీడీలు చుట్టే పెద్దమ్మలు కోరుట్లలో వాడకు వందమంది ఉంటారు, ఊరు పేరు చెప్పినా ఎవరూ పట్టుకోలేరు. ఆ పేరు రాస్తే మాత్రం ఆమె ఎవరో తెలిసిపోతుంది. ఆమె ఎవరో తెలిస్తే నేనెవరో తెలుస్తుంది. నాకింకా ఇరవై ఏళ్ళ సర్వీసు ఉంది.